అంజయ్య జేబులో డబ్బి

ఇంట్లో కంప్యూటరు లేదు, కొనే ఆలోచనా లేదు, అయినా ఇంటర్నెట్టును చొక్కా జేబులో వేసుకుని ఊరంతా తిరిగే మనిషి శామీర్‌పేట చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. ఆయనే మా అంజయ్య. వేలెడంత నల్లటి డాంగిల్, ఆయన మాటల్లో డబ్బి, లోపల సిమ్ము, కొసన కంప్యూటర్లో గుచ్చే మూతి. సిగ్నలుంటే నీలం దీపం, లేకపోతే ఎర్ర దీపం. దాన్ని దస్తీలో చుట్టి, గుండె మీది జేబులో పెట్టుకుని, ఎవరింట్లో లాప్‌టాప్ కనిపిస్తే అందులో గుచ్చి చూడటం ఆయన దినచర్య. తమాషా ఏమిటంటే, ఎవరింట్లో గుచ్చినా అందులో వెలిగేది ఎర్ర దీపమే.

అలా వెళ్ళే ఇళ్ళన్నిట్లోకీ ఎక్కువ ఉడుక్కునేది పద్మలత. అసలే ఆవిడకు కంగారు పాలు ఎక్కువ. కుక్కరు కూతెయ్యకపోతే పేలుతుందని భయం, కూతేస్తే మాడిందని భయం. పొద్దున్నే భర్త హేమచంద్ పేట్ బషీరాబాద్ ఆఫీసుకూ, పాప బడికీ వెళ్ళగానే ఆవిడ లాప్‌టాప్ తెరుస్తుంది. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడవుతుంది.

"పద్మమ్మా, జెర నీ కంప్యూటర్ ఇయ్యి బిడ్డా. డబ్బి పాణం ఎట్లున్నదో జూస్తా."

మొహమాటానికి పద్మలత కాదనలేదు. పైగా ప్లాటు అమ్మింది ఆయనే. లాప్‌టాప్ ముందు కూర్చోగానే అంజయ్యకు దాహం వేస్తుంది. గిలాసెడు మంచినీళ్ళు అడుగుతాడు. ఆవిడ వంటింట్లోంచి వచ్చేసరికి పరీక్ష పూర్తయి, డబ్బి దస్తీలోకి పోతూ ఉంటుంది. తనదాంట్లో రాలేదనీ, పద్మలతది మాత్రం మస్తు వస్తోందనీ చెప్పి, నీళ్ళు గటగటా తాగి వెళ్ళిపోతాడు. మళ్ళీ మధ్యాహ్నం భోజనాల ముందు వస్తాడు. మళ్ళీ అదే పరీక్ష, అవే మంచినీళ్ళు. ఇంత దాహమేసే మనిషి ఒకసారి షుగరు పరీక్ష చేయించుకోవచ్చు కదా అని పద్మలత మొగుడితో చాలాసార్లు అంది.

ఈ డాంగిళ్ళ కథ ప్లాట్లు వేసిన నాటిది. చెరువు అవతల అంజయ్యకు పొలం ఉండేది. దాన్ని ప్లాట్లు చేసినప్పుడు అందరూ వాస్తు చెప్పి అమ్ముతుంటే, ఆయన సిగ్నల్ చెప్పి అమ్మాడు. కొనడానికొచ్చిన వాళ్ళ లాప్‌టాప్‌కు డాంగిల్ పెట్టించి, బోరు పాయింటు కోసం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవాడిలాగా, దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ప్లాటు నాలుగు మూలలా నడిచేవాడు. ఎక్కడ ఆగినా నీలం దీపమే. "నా జాగల నీళ్ళు పడ్తయో లేదో గని సార్, నెట్టు మాత్రం పడ్తది. అంజయ్య మాట," అనేవాడు. రిజిస్ట్రేషను రోజున మిఠాయి డబ్బాతో పాటు ఇంటికో డాంగిల్ చేతిలో పెట్టాడు. అన్నీ ఒకే రకం, ఒకే నలుపు, ఒకే కంపెనీ సిమ్ము.

ఇప్పుడు అక్కడ లేచిన ఇళ్ళు కొద్ది. మిగతావన్నీ హద్దు రాళ్ళూ, పిచ్చి చెట్లూ. కేబులు వాళ్ళు ఇంత దూరం రామన్నారు. ఉన్న మూడిళ్ళకూ ఆ డాంగిళ్ళే గతి. వాటి మీద కాలనీలో పెద్ద వాదమే నడిచేది. సిగ్నలు పొద్దున్నే బాగుంటుందని పద్మలత. కాదు, మధ్యాహ్నమే దివ్యంగా వస్తుందని జానకిరామయ్యగారు. ఆయన కాకినాడలో ఉద్యోగం చేసి రిటైరయ్యి, భోజనం కాగానే కంప్యూటర్లో చదరంగం ఆడతారు. ఎండకు టవరు బాగా వేడెక్కాలని ఆయన సిద్ధాంతం. చివరింట్లో కాలేజీ పిల్ల అశ్రిత మాత్రం పొద్దు గూకాకే వస్తుందనీ, తన పాఠాలన్నీ అప్పుడే వింటాననీ అంటుంది. ఎవరి మాట మీద వాళ్ళు నిలబడేవారు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. అంజయ్యగారి డబ్బి చచ్చిపోయింది, పాపం ఆయనకు ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరు.

ఇలా ఉండగా పద్మలతకు బెంగళూరు కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకు పిలిచింది. ఇంట్లోనే కూర్చుని, నెట్టులో పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం. పాప పుట్టినప్పుడు బడి పంతులమ్మ ఉద్యోగం మానేసిన మనిషికి, అప్పటి నుంచీ ఎక్కడికి దరఖాస్తు పెట్టినా ఇన్నేళ్ళు ఖాళీగా ఎందుకున్నారనే ప్రశ్నే ఎదురైంది. ఇది తప్పితే ఇక తనను ఎవరూ పిలవరని ఆవిడకు గట్టి నమ్మకం. పైగా ఆ కంపెనీ వాళ్ళు ముందే చెప్పారు. ఇంటర్వ్యూ మధ్యలో లైను తెగిపోతే మళ్ళీ అవకాశం ఉండదట, నెట్టు సరిగా లేనివాళ్ళు పాఠాలేం చెబుతారట.

ఆ మాటతో పద్మలతకు నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు. కరెంటు పోతే? ఎవరింట్లోనైనా బోరు వేసే బండి మొదలుపెడితే? తుమ్ము వస్తే? అన్నిటికంటే పెద్ద భయం అంజయ్య.

"ఆ చచ్చిన డబ్బీ రోజూ గుచ్చి గుచ్చి మన లాప్‌టాప్‌కి కూడా ఆ జబ్బు అంటిస్తాడండీ. రేపు ఆయన్ని గడప తొక్కనివ్వను," అంది మొగుడితో. హేమచంద్ నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

తెల్లారింది. మొగుణ్ణీ పాపనూ పంపించి తలుపు గడియ పెట్టింది. మామూలు వేళకు గేటు చప్పుడైంది. కిటికీలోంచే చెప్పేసింది, ఇవాళ పదకొండింటికి తనకు ఇంటర్వ్యూ, లాప్‌టాప్‌ను ఎవరూ ముట్టుకోకూడదని. శుభాకాంక్షలు చెప్పి వెళ్ళిపోతాడనుకుంది. అంజయ్య మొహం నల్లబడింది.

"ఇంటర్వ్యూ అంటున్నవు గద బిడ్డా. అయితె నేను లోపటికి రావాలె. జెర తలుపు తియ్యి."

"రేపు రండి అంజయ్యగారూ."

"రేపొస్తె ఏం ఫాయిదా బిడ్డా?"

వెళ్ళడే. దాహమన్నాడు. కిటికీలోంచి గ్లాసు అందించింది. తాగి, ఇంకో గ్లాసు అడిగాడు. అదీ తాగి, పోనీ కంప్యూటర్నే కిటికీ దగ్గరకు తెమ్మన్నాడు. వెనక్కి వెళ్ళి పెరటి తలుపు కూడా నెట్టి చూశాడు. పద్మలతకు లోపల ఉన్న కంగారంతా కోపమైంది.

"మీకు పనిలేదని అందరికీ పనులుండవా? నా బతుకుతో ఆటలేమిటండీ మీకు?"

అంజయ్య గుండె మీది జేబు ఒకసారి తడుముకున్నాడు. ఎదురుగా కొత్త ఇంటికి పోసిన ఇసుక కుప్ప మీదకు పోయి కూర్చున్నాడు. అంత పెద్దాయన్ను అంత మాట అన్నందుకు పద్మలతకు మనసు చివుక్కుమంది. అయినా గడియ తియ్యలేదు.

ఇంకో అరగంట ఉందనగా లాప్‌టాప్ తెరిచింది. ఎర్ర దీపం.

కళ్ళు నులుముకుని చూసింది. ఎర్ర దీపమే. డాంగిల్ పీకి, మూతిలోకి ఊది, మళ్ళీ గుచ్చింది. రెండో పక్క గుచ్చింది. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేసింది. కిటికీ దగ్గరకు, పెరట్లోకి, మేడ మీదకు, ఆఖరికి నీళ్ళ ట్యాంకు నిచ్చెన మీదకు కూడా లాప్‌టాప్‌ను చంటిపిల్లలాగా ఎత్తుకుని తిరిగింది. దీపం రంగు మారలేదు. హేమచంద్‌కు ఫోను చేస్తే ఫోనుతో కలుపుకోమన్నాడు. ఆ మాట చెబుతుండగానే ఫోను తెగిపోయింది, దాంట్లోనూ అదే కంపెనీ సిమ్ము, మాటలకే అరకొరగా అందుతుంది, ఇక నెట్టేం వస్తుంది. ఇస్త్రీ చీర చెమటకు తడిసింది. ఇన్నేళ్ళకు వచ్చిన ఒక్క అవకాశమూ ఈ ఎర్ర చుక్క దగ్గర ఆగిపోతుందా అని ఏడుపు తన్నుకొచ్చింది.

ఏం చెయ్యాలో తోచక తలుపు తీసింది. తీసీ తియ్యకముందే అంజయ్య ఇసుక కుప్ప మీదనుంచి లేచాడు. చెప్పులు విడిచి గబగబా లోపలికొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

"పరేషాన్ గాకు. ఒక గిలాస మంచినీళ్ళు తే బిడ్డా."

ఈ ప్రళయంలో కూడా మంచినీళ్ళేనా అని పద్మలతకు ఒళ్ళు మండింది. అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్ళింది. బిందె దగ్గర వంగినదల్లా, అక్కడ ఆయన ఏం పాడుచేస్తున్నాడో అన్న భయంతో ఖాళీ గ్లాసు పట్టుకునే వెనక్కి వచ్చి, కర్టెను చాటున నిలబడింది.

అంజయ్య గుమ్మం వైపు ఒకసారి చూశాడు. లాప్‌టాప్‌కున్న డాంగిల్ పీకి జేబులో వేసుకున్నాడు. దస్తీ విప్పి తన డబ్బి తీశాడు. తిప్పి చూశాడు. దాని వెనక చిన్న పసుపు బొట్టు. దాన్ని గుచ్చాడు. ఎర్ర దీపం రెప్పలార్చి, ఒక్క క్షణం ఆగి, నీలంగా వెలిగింది.

ఆ పసుపు మరక పద్మలతకు తెలియనిది కాదు. అప్పుడప్పుడూ తన డాంగిల్ మీద చూసి, వంట చేతులతో ముట్టుకున్నానని తనను తనే తిట్టుకుని తుడిచిన మరక అది. మళ్ళీ మళ్ళీ ఎలా వచ్చిందో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆవిడ చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళి, నీళ్ళు ముంచి, కావాలనే గ్లాసు గట్టుకు తగిలించి, అప్పుడు వచ్చింది.

"నువ్వు గట్టిగ గుచ్చలే బిడ్డా, గంతే," అన్నాడు అంజయ్య, ఎటో చూస్తూ. కిటికీలోంచి తాగిన రెండు గ్లాసుల మీద ఈ మూడో గ్లాసు కష్టంగా మింగాడు.

ఇంటర్వ్యూలో భిన్నాల పాఠం చెప్పమన్నారు. పద్మలత ఎదురుగా ఏది కనిపిస్తే అదే అందుకుంది. అంజయ్య అనే ఆయనకు పొలం ఉందండీ, అందులో సగం ప్లాట్లు, ఆ సగంలో పావు రోడ్లు, అంటూ మొదలుపెట్టి పొలమంతా కోసి చూపించింది. అవతల వాళ్ళు నవ్వారు. ఆ రోడ్లకు మురుగు కాల్వలున్నాయా అని కూడా అడిగారు. బయట అంజయ్య గేటు దగ్గర నిలబడి, నీళ్ళ ట్యాంకరు వాణ్ణి హారన్ కొట్టనివ్వకుండా చేత్తో తోలుతున్నాడు. వచ్చే వారం నుంచే చేరమన్నారు. పద్మలత లాప్‌టాప్ మూసి కాసేపు కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మొహం కడుక్కుంది.

మధ్యాహ్నం అంజయ్య వచ్చి మంచినీళ్ళు అడిగాడు. జానకిరామయ్యగారి చదరంగం వేళ. పద్మలత వంటింట్లో చాలాసేపు ఉండి, మెల్లగా తెచ్చింది.

సాయంత్రం మిఠాయి పట్టుకుని అంజయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన లేడు, అశ్రితా వాళ్ళింటికి పోయాడట. పొద్దున తాను అన్న మాటా, కర్టెను చాటునుంచి చూసిందీ ఆయన భార్య రాధమ్మకు చెప్పుకుంది. ఆవిడ నవ్వి, గొంతు తగ్గించి సంగతి చెప్పింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ కంపెనీ టవరున్న బిల్డింగు పోయింది, దాంతో పాటే అందరి డాంగిళ్ళూ పోయాయి. ఈయన వేరే కంపెనీ సిమ్ము వేసి ఒకదాన్ని మంచిది చేసుకున్నాడు. దసరాకు ట్రాక్టరుతో పాటు దానికీ ఆవిడే పసుపు పెట్టింది. పొద్దున ఒకరింట్లో, మధ్యాహ్నం ఒకరింట్లో, సాయంత్రం ఒకరింట్లో, ఎవరికి పని ఉన్న వేళకు వాళ్ళకు పెట్టి, వాళ్ళ చచ్చినదాన్ని తాను పట్టుకుని తిరుగుతాడు. టవరు మళ్ళీ వచ్చిందేమోనని ప్రతి ఇంట్లో గుచ్చి చూసుకుంటాడు.

"ఆ మాట చెప్తే అందరూ వేరే సిమ్ములు తెచ్చుకుంటారు కదండీ," అంది పద్మలత.

"నేనూ గదే అన్న బిడ్డా. వినడు. నా జాగల సిగ్నల్ ఫుల్లని మాటిచ్చి అమ్మిన, లేదని నా నోటితోని ఎట్ల చెప్పాలె అంటడు. నువ్వన్న మాటకు రందేం పెట్టుకోకు, ఆయనెప్పుడో మర్శిపోయిండు. నీకు చెప్పిన్నని మాత్రం అనకు."

పద్మలత అననంది. అదే సాయంత్రం పద్మలత పంపగా హేమచంద్ మేడ్చల్ దాకా వెళ్ళి వేరే కంపెనీ సిమ్ము ఒకటి తెచ్చాడు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని దాన్ని తమ డాంగిల్లో వేశారు. నీలంగా వెలిగింది. మర్నాడు పొద్దున గేటు చప్పుడు కాకముందే పద్మలత లాప్‌టాప్ ఆపి ఉంచి, తలుపు తీసి పెట్టింది. అంజయ్య వచ్చాడు, మంచినీళ్ళు అడిగాడు, తన డబ్బి పెట్టి వాళ్ళ డబ్బి జేబులో వేసుకున్నాడు, తాగాడు, వెళ్ళాడు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడింది.

జానకిరామయ్యగారింట్లోంచి మొదట అంజయ్య పెద్ద కేక వినిపించింది. తర్వాత అంజయ్య బయటికి వచ్చాడు, దస్తీ ఒక చేతిలో, డబ్బి ఒక చేతిలో. అశ్రితా వాళ్ళింట్లోకి పోయాడు. అక్కడినుంచి ఇంకా రంగులు వేయని కొత్త ఇంట్లోకి కూడా పోయాడు, అక్కడ కంప్యూటరు లేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. ఆయాసపడుతూ పద్మలత గుమ్మంలోకి వచ్చి ఆగాడు.

"జూసినవా బిడ్డా. నా డబ్బి లేసింది. అందరిండ్లల్ల నీలమే. ప్లాటు అమ్మిన్నాడే చెప్పిన్నా లేదా, నా జాగల సిగ్నల్ ఫుల్లని?"

"చెప్పారు అంజయ్యగారూ. మీ మాటంటే మాటే," అంది పద్మలత. అని, నవ్వు దాచుకోవడానికి గిరుక్కున తిరిగి, "కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను," అంది.

అంజయ్య కుర్చీలో వెనక్కి వాలి, డబ్బిని దస్తీలో చుట్టి, గుండె మీది జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

"నీళ్ళొద్దు బిడ్డా. ఎందుకో ఇయ్యాల అస్సలు దూపైతలేదు. చాయుంటె పొయ్యి."