జహీరుద్దీన్ మామూ కుట్టిన గాలిచొక్కా

మా మామూ జహీరుద్దీన్ కడప నుంచి వచ్చి ఒమాన్ దేశంలోని బురైమిలో దర్జీకొట్టు పెట్టుకున్నాడు. నన్ను ఎనిమిదో తరగతి మధ్యలో మాన్పించి, ఆయన భార్య ఇక్బాలున్నీసా ముమానీకి చేతిసాయంగా ఉంటానని అక్కడికి పంపారు. నేను కాజాలు కుట్టేదాన్ని.

బురైమికి గంట దూరంలో కొండల కింద ఒక పల్లె ఉండేది. దాని పక్కనే విమానాలు దిగడానికి చదును చేసిన గులకరాళ్ల నేల. అది ఇంగ్లీషు సైన్యం వేసిందని పల్లె ముసలివాళ్లు చెప్పేవాళ్లు. తర్వాత చమురు వెతికేవాళ్లు వాడుకున్నారట. నేను వచ్చేనాటికి గురువారం డాక్టరును తెచ్చే చిన్న విమానం ఒక్కటే మిగిలింది.

గాలి ఎటు వీస్తోందో పైలట్‌కు తెలిసేలా అక్కడి స్తంభానికి నారింజరంగు గుడ్డగొట్టం ఒకటి ఎగిరేది. ఎండకు ఆరునెలల్లో పీలికలయ్యేది. పన్నెండేళ్లుగా దాన్ని కుట్టింది మామూనే. చొక్కాచెయ్యిలా ఉంటుందని దాన్ని ఒంటిచేతి గాలిచొక్కా అనేవాడు. ఒక్కసారి ఆ విమానమెక్కి, తన కుట్టు పైనుంచి ఎట్లా కనబడుతుందో చూడాలని ఆయన కోరిక. అడిగినప్పుడల్లా ఇంగ్లీషు పైలట్ నవ్వి, "నెక్స్ట్ టైమ్, ఉస్తాద్" అనేవాడు.

1991లో పల్లెకు తారురోడ్డు పడింది. ఇక విమానం రాదని, ఆఖరి గురువారం తప్పక ఎక్కిస్తానని పైలట్ కబురు పంపాడు.

"మబ్బులకు కొలతలు తీసేదానికి పోతాండావా? టేపు మర్చిపోయేవు!" అంది ముమానీ.

"నల్లమబ్బు దొరికితే నీకు బురఖా కుడతాలే" అన్నాడు మామూ.

కొత్త గాలిచొక్కా పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. విమానం పదింటికి. మేం తొమ్మిదికే చేరాం. పాతది చిరిగినా ఎగురుతూనే ఉంది.

"పైకి పోయి నేను చూడాల్సింది ఈ పీలికనా?" అంటూ మామూ తాడు వదిలి దించాడు. మూతికి బిగించే ఇనుప వలయం ఉన్నది ఒక్కటే. పాత కుట్లు విప్పి, కొత్తది మళ్లీ దానికే కుట్టాలి. విమానం దిగాక మార్చవచ్చు కదా అనిపించింది నాకు. మాట నోటిదాకా వచ్చింది. పెద్దాయనకు నేను చెప్పేదేముందిలే అని ఊరుకున్నాను.

సగం కుట్లు పడేసరికి మోత వినిపించింది. విమానం ముందే వచ్చేసింది. స్తంభం ఖాళీగా ఉంటే ఆ నేల మూసేసినట్టు, విమానం దిగకూడదని లెక్క. ఆ సంగతి మామూకూ తెలుసు. లేచి, గుడ్డను రెండు చేతులా పైకెత్తి ఊపుతూ పరుగెత్తాడు. విమానం రెండు చుట్లు తిరిగి కొండల మీదుగా వెళ్లిపోయింది.

మామూ తిరిగొచ్చి కూర్చుని మిగతా సగం కుట్టాడు. ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు. తాడు లాగి పైకెత్తాడు.

"గాలి బాగా పట్టింది గదా, తయ్యబా?"

"పట్టింది, మామూ."

గుమ్మంలో ముమానీ, "ఏదీ నా మబ్బు?" అని నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

మూడేళ్లకు మామూ పోయాడు. ఆ పొద్దున నా నోటిదాకా వచ్చిన మాట ముమానీకి ఇంతవరకూ చెప్పలేదు.