ఆమోసు మీద సైటు ఫిర్యాదు

పటమటలో కళ్ళద్దాల షాపు ఆమోసుది. అరవై దాటిన మనిషి, చర్చిలో మొదటి వరసలో కూర్చుంటాడు. అలాంటాయన మీద ఎదురు ఫ్లాటులో ఉండే స్కూలు టీచరు డయానా అపార్టుమెంటు అసోసియేషన్‌కి కాగితం రాసిచ్చింది. "ఆమోసు గారు రోజూ పొద్దున్నే మా బాల్కనీకేసి సైటు కొడుతున్నారు."

మూడు నెలలుగా లిఫ్టు ఆగిపోతే పెట్టిన మీటింగుకి నలుగురొచ్చారు. ఈ మీటింగుకి సెల్లారులో కుర్చీలు చాలక స్కూటర్ల మీద కూర్చున్నారు.

మాటకి అర్థం చెప్తే పరువు దక్కుతుందని ఆమోసు ఆశ.

"ఇంగ్లీషులో సైట్ అంటే చూపు అని అర్థమండి. మేం కాలేజీలో ఉండగా మద్రాసు వెళ్ళొచ్చినవాళ్ళు మోసుకొచ్చారా మాట. ఈల కొట్టినట్టు, గొప్పలు కొట్టినట్టు దీన్నీ కొట్టారు. ఆడవాళ్ళని గుడ్లప్పగించి చూడ్డం, అంతే. అంతకుమించి చెడ్డర్థం లేదండి."

అనేశాక తెలిసింది, అనకుండా ఉండాల్సిందని. భార్య అమలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

సెక్రటరీ మణికుమార్ గన్నవరం వైపు ప్లాట్లు అమ్ముతాడు. "నాకు తెలిసిన సైటు రెండొందల గజాలండి," అన్నాడు. తూర్పు ఫేసింగేనా అని వెనకెవరో అడిగారు.

డయానా నవ్వలేదు. "నిన్న కూడా చూశారా అంకుల్?"

"చూశానమ్మా."

"నేను ఏ రంగు చీరలో ఉన్నాను?"

కనబడలేదంటే గుట్టు రట్టవుతుంది. ఆమోసు, "నీలం," అన్నాడు.

"నిన్న నేను కొండపల్లిలో ఉన్నానండి. బాల్కనీలో ఉన్నది నీళ్ళ డ్రమ్ము."

సెల్లారంతా ఘొల్లుమంది. ఇక దాచి లాభం లేక ఆమోసు చెప్పేశాడు. రెండు కళ్ళకీ శుక్లాలు. డయానా బాల్కనీకి తగిలించిన పేరు బోర్డులో ఎన్ని అక్షరాలు ఆనుతున్నాయో రోజూ పొద్దున్నే చూసుకుంటున్నాడు. నిరుడు ఇంటిపేరుతో సహా చదివేవాడు. ఇప్పుడు బోర్డే ఆనడం లేదు.

"అద్దాలమ్మేవాడికే చూపు లేదంటే షాపుకెవరొస్తారండి?"

ఇంతేనా అన్నట్టు జనం లేచిపోయారు. ఫిర్యాదు మాత్రం మినిట్స్ పుస్తకంలో ఎక్కేసింది కాబట్టి కొట్టెయ్యడం కుదరదన్నాడు మణికుమార్.

ఆ వారమే డయానా తన స్కూటీ మీద ఆయన్ని కంటాసుపత్రికి తీసుకెళ్ళింది. ఆపరేషన్లు రెండూ అయ్యాక ఆమోసు షాపు తెరిచి, ఏడాదిగా తను పరీక్ష చేసి ఇచ్చిన అద్దాల చీటీలన్నీ ముందేసుకున్నాడు. డయానాదీ ఉంది. పిలిచి మళ్ళీ పరీక్ష చేస్తే నంబరు తప్పు.

"ఏడాదిగా తలనొప్పి అంకుల్. స్కూల్లో పిల్లల గోలవల్లేమో అనుకున్నాను."

ఆమోసు కొత్త అద్దాలు బిగించిచ్చి, తర్వాతి చీటీలో ఫోను నంబరు వెతకసాగాడు.