ముప్పై అయిదేళ్ళ మా బిడ్డతో జగిత్యాల మెడికల్ కాలేజీకి

మా బిడ్డకు ఎంబీబీఎస్ సీటు వచ్చింది! జగిత్యాలలో, సర్కారు కాలేజీలో, ముప్పై అయిదేళ్ళ వయసులో! ఇది ఫోను మీద రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి. నేను చదివింది ఏడో తరగతి. నలభై ఏళ్ళు సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపినవాణ్ణి. వయసు మీరాక డాక్టరు చదవాలనుకునేవాళ్ళు, ఇక్కడా బయటి దేశమా అని తేల్చుకోలేనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు పనికొస్తుందని మా ఒక్క రోజు ప్రయాణం రాస్తున్నాను.

మా బిడ్డ స్వరూప పన్నెండేళ్ళుగా నర్సు. నాలుగేళ్ళ కింద దుబాయిలో మా అల్లుడికి గుండెలో నొప్పి వచ్చింది. పనివాళ్ళ క్యాంపులో, మంచం మీదే పోయాడు. డబ్బాలో ఇంటికి రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ తర్వాతే స్వరూప డాక్టరు చదువు ప్రవేశ పరీక్షకు పుస్తకాలు కొన్నది. డ్యూటీ చేస్తూ చదివి రెండుసార్లు పరీక్ష రాసింది. వయసు అడ్డం కాదా అని అందరూ అడుగుతున్నారు. ఆ పరీక్షకు పై వయసు హద్దు ఇప్పుడు లేదు. ర్యాంకు చూసుకొని ఇక్కడ సీటు రాదనుకున్నది, కోరుట్లలో ఒక ఏజెన్సీ ద్వారా జార్జియా దేశంలో సీటు ఖాయం చేసుకున్నది, ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ వాళ్ళకిచ్చింది. తీరా ఆఖరి విడతలో జగిత్యాల సీటు పడింది! మరునాడు సాయంత్రం నాలుగింటిలోపు చేరాలి. సర్టిఫికెట్లేమో కోరుట్లలో ఉన్నాయి.

మా ఊరు తంగళ్ళపల్లి నుంచి పొద్దున ఆరున్నరకు ఆటో ఎక్కాం, మనిషికి ఇరవై రూపాయలు. సిరిసిల్లలో ఏడుంబావుకు కోరుట్ల బస్సు దొరికింది. వేములవాడ, రుద్రంగి, కథలాపూర్ మీదుగా రెండు గంటల పైనే పడుతుంది. అది తప్పితే వేములవాడలో మారాలి. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్టు లేదు, నాకు వంద లోపే అయింది. స్వరూప ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. నేను వెనక, కండక్టరమ్మ పక్కన. ఇక నా నోరు ఆగుతుందా! ఎక్కినవాళ్ళందరికీ చెప్పాను. రుద్రంగిలో ఎక్కిన మేకల బేరగాడికి కూడా చెప్పాను.

"తాతా, జర మెల్లగ! డ్రైవరు హారన్ కొట్టుడు బందువెట్టిండు, నీ గొంతే సాలుతదట" అన్నది కండక్టరమ్మ. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కాసేపాగి ఆమే అడిగింది, "మరి బయటి దేశం ఎందుకు ఒద్దనుకున్నరు తాతా?"

గొంతు తగ్గించి ఆమె చెవిలో చెప్పాను. "బిడ్డ ఒద్దనలే అమ్మా. నాకే బుగులు, భయం. అల్లుడు శంషాబాద్ ఎయిర్‌పోర్టు గేటుల నడుసుకుంట పోయిండు, డబ్బల అచ్చిండు. గా గేటు కాడ బిడ్డను గూడ ఇడిసి రావాల్నంటే నా కాళ్ళు రావు. గీ జగిత్యాల సీటు నేనే మొక్కుకున్న."

కండక్టరమ్మ ముందు సీట్ల వైపు చూసి తల దించుకున్నది. నా బాధకే అనుకున్నాను.

కోరుట్లలో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఏజెన్సీ బస్టాండు దగ్గరే, బట్టల దుకాణం మీది అంతస్తు. బీరువా తాళం పట్టుకొని వాళ్ళ పార్ట్‌నర్ మెట్‌పల్లి పోయాడట, పదకొండుకు వస్తాడన్నారు. కింద హోటల్లో పూరీ తిన్నాం, ప్లేటు ముప్పై, ఆలుగడ్డ కూర బ్రహ్మాండంగా ఉంది. స్వరూప సగం కూడా తినలేదు. వంటామె వచ్చి, "ఏంది బిడ్డా, కారమైందా?" అని అడిగింది. నేనే జవాబిచ్చాను, "సంతోషానికి ఆకలైతలేదమ్మా, డాక్టరు సీటచ్చింది!" ఆమె చేతులు తుడుచుకొని స్వరూప తల మీద చెయ్యి పెట్టింది. స్వరూప కళ్ళ నీళ్ళు చూసి, అవీ సంతోషమే అనుకున్నాను నేను.

తాళం వచ్చేసరికి పన్నెండయింది. ఏజెన్సీ సారు మర్యాదస్తుడే, చాయ్ తెప్పించాడు. ఫైలు బల్ల మీద పెట్టి, "ఒకసారి ఆలోచించుకోండ్రి మేడం, అడ్మిషన్ మీ పేరు మీదనే ఉన్నది. ఇరవై రోజులల్ల ఫ్లైట్" అన్నాడు. స్వరూప ఫైలు ఒళ్ళో పెట్టుకొని, గోడ మీద ఉన్న ఆ కాలేజీ ఫోటోను చాలాసేపు చూసింది. తెల్లటి మెట్లు, మంచు, కోట్లు వేసుకున్న పిల్లలు.

"సార్, ఆడ నేను ఎవ్వలకు ఎరుకుండ గదా?" అని అడిగింది.

సారు నవ్వాడు. "ఎవ్వలకు ఎరుకుండరు మేడం. అక్కడ మీరు ఉత్త స్టూడెంటే."

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఈ నాలుగేళ్ళలో మా వాడలో ఎవరూ ఆమెను స్వరూపా అని పిలవలేదు. దుబాయిల సచ్చినాయిన పెండ్లాం, పాపం, అంటారు. ఆ మాట వినపడని చోటికి పోవాలనుకున్నదన్నమాట. నేనేమో మొక్కులు మొక్కుకున్నాను.

ఆమె లేచి, "నడువు బాపు, టైమైతుంది" అన్నది.

కోరుట్ల నుంచి జగిత్యాలకు బస్సులకు కొదవ లేదు, గంట లోపే ప్రయాణం. ఈసారి ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. ఆమె కిటికీ బయటకు చూస్తూ ఉంది. ముందు సీటాయన ఎక్కడికని అడిగితే జగిత్యాల అని మాత్రం చెప్పాను, సీటు సంగతి చెప్పలేదు.

రెండున్నరకు కాలేజీలో ఉన్నాం. వరుసంతా పద్దెనిమిదేళ్ళ పిల్లలు. ఒక అమ్మాయి "ఆంటీ, పెన్నుందా?" అని అడిగింది. కిటికీలో గుమస్తా ఫైలు తీసుకొని, "స్టూడెంటును పిలువుండ్రి అమ్మా, తల్లులు సంతకం చేస్తే సరిపోదు" అన్నాడు.

"నేనే సార్ స్టూడెంటును."

ఆయన అద్దాలు తీసి చూశాడు, ఫోటోతో పోల్చాడు, ఆపైన లేచి నిలబడి, "కూసో తల్లీ, కూసో" అని కుర్చీ జరిపాడు. నా గుండె ఎంత పొంగిందో రాయలేను! ఫారంలో తండ్రి సంతకం చోటు చూపించాడు. పెన్ను పట్టుకొని స్వరూప వైపు తిరిగాను.

"బిడ్డా, నీకు ఆడికి పోవాల్ననే ఉన్నదా?" అని మెల్లగా అడిగాను. వరుసలో పిల్లలందరూ తిరిగి చూశారు.

సాంచెల ఖార్ఖానాలో పక్కవాడికి వినపడాలంటే అరవాలి. నలభై ఏళ్ళు అరిచినవాడి గుసగుస ఎంత ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది.

"బాపు, నువ్వు పొద్దుగాల కండక్టరమ్మ చెవుల చెప్పింది బస్సంత ఇన్నది. నేను గూడ ఇన్న" అన్నది స్వరూప.

"మరి అందుకేనా?"

"సంతకం వెట్టు బాపు. ఎనుక లైనున్నది."

పెట్టాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెట్టాను.

ఇంటికొచ్చాక లెక్క వేసి చూశాను. అక్కడైతే ఆరేళ్ళు చదివి, వచ్చి మళ్ళీ పరీక్ష గెలిచి, ఇక్కడ ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఇక్కడ అంతా కలిపి అయిదున్నరేళ్ళు. ఈ వయసులో ఆ ఏళ్ళు చిన్నవి కావు, ఎవరైనా జగిత్యాలే మంచిదంటారు. స్వరూప కూడా అదే అంటున్నది. కానీ అది ఆమె లెక్కో, నా బుగులో, ఎన్నిసార్లు అడిగినా నాకు తెలియదు. ఆమె చెప్పదు. మీ ఇంట్లో ఎవరైనా ఇలా తేల్చుకోవలసి వస్తే ముందు వాళ్ళ మాట విని, మీ భయం తర్వాత చెప్పండి. నేను తారుమారు చేశాను. ఇంకొక మాట, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ఏజెన్సీ దగ్గరా ఉంచకండి. నకళ్ళివ్వండి. తప్పనిసరై ఇస్తే రసీదు తీసుకొని, బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగండి.

ఇక ఈ కబురు చెప్పవలసినవాళ్ళు. భివండిలో మా తమ్ముడు, వాళ్ళ పిల్లలు. సూరత్‌లో బామ్మర్ది. ముత్యంపేటలో మా పెద్దక్క, ఆమెకు చెముడు, నా గొంతైతేనే వినపడుతుంది. స్వరూప మేనత్త కొడుకులు ఇద్దరు, మస్కట్‌లో. గొల్లపల్లిలో మా వియ్యపురాలు, అల్లుడి తల్లి. ఆమెకు ఫోన్లో చెప్పం. నాలుగేళ్ళ కింద మా ఇంటి నుంచి ఆమెకు ఒక కబురు ఫోన్లోనే పోయింది, అది చాలు. రేపు పొద్దున మొదటి బస్సుకు ఇద్దరమూ పోయి చెబుతాం.