చేపల గంపలో నాలుగు గూళ్ళు: నౌపడ నుంచి శృంగవరపుకోట దాకా

పరిశోధన అంశం మార్చుకోమని కమిటీ నుంచి కబురొచ్చింది. మత్స్యకారుల పిల్లవి, చేపల మీద చెయ్యరాదా అని అందులో పెద్దాయన ఉచిత సలహా కూడా పంపారు. ఒళ్ళు మండింది. వజ్రంలో కర్బన పరమాణువులు ఎలా అల్లుకుంటాయో, అదే అల్లికతో చిన్న చిన్న గూళ్ళుగా ఉండే హైడ్రోకార్బన్లను ఆకారాన్ని బట్టి వర్గీకరించడం నా పని. శృంగవరపుకోటలోని ఒక కాలేజీలో కమిటీని ఒప్పించలేకపోతే ఆ పని అక్కడితో సరి. అందుకే బయలుదేరాను.

నౌపడకి పాసింజరు ఆరున్నర దాటాక వచ్చింది. విజయనగరం దాకా టికెట్టు యాభై రూపాయలు దాటదు. ఆ గూళ్ళ నమూనాలను అమ్మ చేపల గంపలో సర్ది, గోనెపట్టా కప్పి, చేపలమ్మే ఆడవాళ్ళుండే పెట్టె ఎక్కాను. వలకి కట్టే బెండ్లే నా పరమాణువులు, ఈనెపుల్లలే బంధాలు, మైదా బంకతో అతికించాను. గూళ్ళు ఒకటైనా, రెండైనా, మూడైనా ఒక్కో ఆకారమే వస్తుంది. నాలుగో గూడు చేరాకే అసలు పేచీ. అప్పుడు మూడు రకాలొస్తాయి, వాటిలో మెలి తిరిగిన రకానికి కుడి మెలి, ఎడమ మెలి అని రెండు రూపాలు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి లాగా ఒకదాని మీద ఒకటి సరిపోవు. వాటిని వేరువేరుగా లెక్కించాలని నేను, అక్కర్లేదని కమిటీ.

చీపురుపల్లి దగ్గర కునుకు పట్టింది. మా వాళ్ళలో ఒక అలవాటుంది. ఎవరి గంప ఆరిపోయినా పక్కవాళ్ళు అడక్కుండానే నీళ్ళు చల్లుతారు. కళ్ళు తెరిచేసరికి పక్కనున్న పోలమ్మ పిన్ని చెంబుతో నా గంప మీద నీళ్ళు కుమ్మరిస్తోంది.

“పిన్నీ, అవి సేపలు కావు.”

“మరేటే? గోనె ఎండిపోనాది, సేపలు పాడైపోతాయని సల్లినాను.”

“గూళ్ళు పిన్నీ.”

“గూళ్ళా? కోడిపిల్లలేవే మరి?”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పట్టా తీస్తే బంక కరిగి కుడి మెలి నమూనా ఊడిపోయింది. “ఏడవకే. ఏ పుల్ల ఎక్కడ గుచ్చాలో సెప్పు, నాను పట్టుకుంతాను” అంది పిన్ని. మిగిలిన ఎడమ మెలిని ఎదురుగా పెట్టుకుని, దాన్ని చూస్తూ ఇద్దరం గబగబా గుచ్చేశాం. విజయనగరంలో దిగి బస్సెక్కితే శృంగవరపుకోటకి గంటకు పైనే పట్టింది.

కమిటీలో పెద్దాయన ఆ రెండు నమూనాలనూ చేతిలోకి తీసుకుని పక్కపక్కన పెట్టారు. అచ్చంగా సరిపోయాయి.

“చూశావా అమ్మా, రెండూ ఒకటే. ఇక అంశం మార్చుకో.”

ఎడమదాన్ని చూసి కట్టాం కదా, రెండూ ఎడమవే అయ్యాయి. తలదించుకుని వచ్చేస్తే అంతటితో అయిపోయేది. నేను కదల్లేదు.

“అవును సార్, ఈ రెండూ ఒకటే. దార్లో తప్పు కట్టాను. ఇక్కడే సరిచేస్తాను.”

“టైము లేదమ్మా.”

“నాలుగు బెండ్లు మారిస్తే చాలు సార్.”

ఆయన ఒప్పుకునేదాకా ఆగలేదు. దార్లో కట్టినదాంట్లో మూడు గూళ్ళు అలాగే ఉంచి, నాలుగో గూటి బెండ్లు పీకి రెండో పక్కన గుచ్చాను. “ఇప్పుడు సరిపెట్టండి” అన్నాను. ఆయన అటు తిప్పారు, ఇటు తిప్పారు, తలకిందులు చేశారు. సరిపోలేదు.

“చేపల మీదైతే నీకే సుఖం కదమ్మా” అన్నారు చివరికి.

“చేపలు మా అమ్మ అమ్ముతుంది సార్. నేను ఇది చేస్తాను.”

పెద్దాయన నా కాగితాలు ముందుకు లాక్కున్నారు. తర్వాత పాత అంశం మీదే సంతకం పెట్టారు.

తిరుగు బస్సులో పిన్ని మీద కోపం వెతుక్కున్నా దొరకలేదు. పెద్దాయన మీద మాత్రం ఉంది, ఇంకా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. ఏ ఇంట్లో పుడితే ఆ ఇంటి పనే చదవాలని ఎవరు రాశారు? నమూనాలతో ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. బంక వాడకండి, పుల్లలు విప్పి మళ్ళీ గుచ్చేలా చేసుకోండి. కాదన్నవాళ్ళ చేతికే ఇచ్చి, సరిపెట్టి చూపించమనండి.