కాఫీ ఇచ్చి వచ్చి పాడిన పాట

చిన్నమ్మ పోయిందని ఆమె కొడుకు, మా తమ్ముడు, ఫోన్ చేసినప్పుడు నేను కృష్ణగిరిలో, మా కాలేజీ వరండాలో ఉన్నాను. "అక్కా, అమ్మ పోయింది. పొద్దున పూలు కోయిస్తా కోయిస్తా కూలబడిపోయిందంట. ఆస్పత్రికి పోయేలోపలే అయిపోయింది" అన్నాడు. హోసూరు దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి తళి బస్సు. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు. అది రావలసిన చోట కోపం వచ్చి కూర్చుంది. ఇంకా లేవలేదు.

ఎందుకు కోపమో చెబుతాను. చావింట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. చిన్నాయన వైపు పెద్దావిడ ఒకరు కళ్ళొత్తుకుంటూ, "ఎంత సాధువమ్మా! ఇన్నేండ్లలో ఆయమ్మ గొంతు గడప దాటింది నేను ఇన్లేదు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. అది పొగడ్త! కిందటి నెలలోనే తన పాటలు తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పియానో వాయిస్తూ పాడి, తనే రికార్డు చేసి ఆల్బం విడుదల చేసిన మనిషికి చివరికి దక్కిన పొగడ్త, గొంతు వినిపించలేదని.

రోడ్డు మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. తమిళంలో పెద్ద పెద్ద అక్షరాలు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి, కింద అన్నదమ్ముల పేర్లన్నీ. నాలుగు మూలలా గులాబీలు అచ్చు వేయించారు. పాట అన్న మాట ఒక్కటి పట్టడానికి మాత్రం చోటు దొరకలేదు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. హోసూరు కాన్వెంటు హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడ ఒక సిస్టరు ఆమెకు పియానో నేర్పింది. తర్వాత పెళ్ళి, తళి దగ్గర పల్లె, రాగిచేను, ఆవులు. నేను సెలవులకు పోయినప్పుడు వంటింటి గట్టు మీద రెండు చేతుల వేళ్ళూ ఆడిస్తూ కనిపించేది. "ఏం చేస్తున్నావు చిన్నమ్మా?" అంటే, "మర్చిపోకుండా చూసుకుంటాండా" అనేది. చేనులో గ్రీన్‌హౌస్ లేచి గులాబీలు వచ్చిన తర్వాత కూడా ఆ గట్టే ఆమె పియానో.

నిజం పియానో కొడుకు పెళ్ళయిన తర్వాత వచ్చింది. బెంగళూరులో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలించుకుంటున్నారని తెలిసి, పూలు దించి వట్టిగా తిరిగి వచ్చే టెంపోలో ఎక్కించుకొచ్చింది. దాన్ని దించడానికి ఊరు ఊరంతా చేయి వేసింది. "ఏమమ్మా, ఈ బీరువాకి పండ్లు కూడా ఉండాయే!" అన్నారట ఎవరో. "ఉంటాయప్పా, జాగ్రత్త, కరుస్తుంది" అందట చిన్నమ్మ. ఎరువుల బస్తాలు తీయించి, వంటింటి పక్క గదిలో పెట్టించింది. వాయించే ముందు దాని పక్కన అరచెయ్యి ఆనించి కొంచెంసేపు నిలబడేది, ఈనబోయే ఆవును తాకి చూసినట్టు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు.

పూలు కోసే ఆడవాళ్ళ వేళ్ళకు చుట్టుకున్న గుడ్డపేలికల మీద ఒక పాట. తెల్లారక ముందే హోసూరు ఫ్యాక్టరీ బస్సెక్కే ఆడపిల్లల మీద ఒకటి. "మంచు ఆరకముందే కోసిన పువ్వు ఎవరి కొప్పున ఉందో, ఏమో" అని మొదలయ్యేది ఇంకొకటి. అన్నీ పని సందుల్లో పుట్టినవే. "పాటకి టైం ఎవురూ ఇయ్యరు. మనమే ఆడింత ఈడింత దొంగిలించాల" అనేది. నవ్వుతూనే అనేది. ఆ నవ్వు వల్లే మేమెవరమూ దాన్ని ఫిర్యాదుగా వినలేదేమో.

ఆల్బంలో నాలుగో పాట సంగతి చెప్పాలి. పాట సగంలో ఉండగా గోడ అవతలి నుంచి చిన్నాయన గొంతు వినిపిస్తుంది: "ఏమే, యాడుండావు? కాఫీ ఏమాయె?" పియానో ఆగుతుంది. "వస్తాండా" అంటుంది చిన్నమ్మ. స్టూలు జరిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు. తర్వాత పాట లేదు. దూరంగా గిన్నె, స్టవ్వు, బయట ఎక్కడో ఆవు. లోటా గట్టు మీద పెట్టిన చప్పుడు. చెప్పులు తిరిగి వస్తాయి. స్టూలు. ఏ మాట దగ్గర ఆపిందో సరిగ్గా ఆ మాట దగ్గరే ఎత్తుకుంటుంది.

బెంగళూరులో సౌండు సరిచేసినాయన దగ్గరికి ఆమెతో నేనూ పోయాను. "అమ్మా, ఈ మధ్యలోది తీసేస్తే అతుకు కూడా తెలీదు" అన్నాడాయన మర్యాదగా.

"తీసేస్తే నేను ఒక్క ఊపులో పాడేసినట్టు ఉంటుంది. అది అబద్ధం కదప్పా?" అంది చిన్నమ్మ.

"ఎవరూ అంతసేపు ఆగి వినరమ్మా."

"నేను ఆగినాను కదా. ఆళ్ళూ ఆగనీ."

విడుదల ఒక ఆదివారం గ్రీన్‌హౌస్‌లో జరిగింది. పూలు కోసేవాళ్ళు బకెట్లు బోర్లించుకుని కూర్చున్నారు. చిన్న స్పీకరు, ఉగ్గాని, బజ్జీ. గుడ్డపేలికల పాట విని ఒకావిడ, "ఇదేందమ్మా, మా చేతుల మీద కూడా కట్టేసినావే!" అని చెయ్యి చాపి అందరికీ చూపించింది. చిన్నాయన ఆ పొద్దు ఎవరివో పెళ్ళి మాటలున్నాయని బేరిగై ఊరికి పోయాడు. తమ్ముడికి షిఫ్టు.

ఆల్బం ఇంటర్నెట్లో పెట్టింది నేను. చిన్నమ్మ చెప్పినట్టు పెట్టాను. పాస్‌వర్డు నా దగ్గరే ఉంది. చిన్నమ్మ పోయిన మూడో నాడు తమ్ముడు నన్ను పెరట్లోకి పిలిచాడు.

"అక్కా, ఆ నాలుగో పాటలో నాయన అరిచేది ఉంది చూడు, అది కోసేసి మళ్ళీ పెట్టు. దివసాలకి అందురూ వస్తారు. ఇంటే మనల్ని ఏమనుకుంటారు?"

"కాఫీ అడిగినాడనుకుంటారు."

"ఎగతాళొద్దక్కా. అమ్మ చచ్చిపోయి నాయనకి చెడ్డపేరు తెచ్చిందనుకోరా?"

"అమ్మ తేలేదురా. ఉన్నది ఉన్నట్టు పెట్టింది."

"అమ్మ ఇప్పుడు లేదు కదా!"

అందుకే తీయనన్నాను. బతికుండగా ఒక్క పాట కూర్చుని వినని వాళ్ళు, పోయిన మూడో నాటికి కత్తెర పట్టుకుని వచ్చారు. గట్టిగానే అన్నాను. వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

అయినా నాకు సందేహం పోలేదు. ఆ కాఫీ గురించి చిన్నమ్మ ఎన్నడూ చెడుగా ఒక్క మాట అనలేదు. ఆమె పాటను నా కోపానికి వాడుకుంటున్నానా? నా కోపం ఎవరి మీద? నిజంగా నాకు తెలియదు. ఆమె వద్దన్నది చేయకూడదని మాత్రం తెలుసు.

దివసాల నాడు, పెద్దకర్మ రోజున, పటం ముందర ఆకు వేసి ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టారు. ఒబ్బట్లు, రాగిముద్ద, అవరేకాయ పులుసు, కొత్త చీర. పక్కన నేను స్పీకరు పెట్టి ఆల్బం మొదలుపెట్టాను. తమ్ముడు నా వైపు చూశాడు. పదిమందీ ఉన్నారని తల తిప్పుకున్నాడు. మా వైపు అన్నీ పెట్టాక తలుపు దగ్గరికి వేసి అందరూ బయటికి వచ్చేస్తారు. పోయిన మనిషి వచ్చి నిమ్మళంగా తినిపోవడానికి వదిలేస్తారు. కాసేపయ్యాక తలుపు తడతారు.

ఇంటి ముందరి అరుగు, జగిలి మీద అందరం కూర్చున్నాం. తలుపు వెనక చిన్నమ్మ పాడుతోంది. గొంతు గడప దాటలేదన్న పెద్దావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. నాలుగో పాట వచ్చింది. "ఏమే, యాడుండావు? కాఫీ ఏమాయె?" జగిలి మీద ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చిన్నాయన తల వంచుకున్నాడు. "వస్తాండా" అంది చిన్నమ్మ. చెప్పుల చప్పుడు దూరమయింది. తర్వాత ఏమీ లేదు.

ఇదే అదను అనుకున్నాడేమో తమ్ముడు, లేచాడు. "అయిపోయినట్టుంది, తలుపు తీస్తాం" అన్నాడు. అందరూ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయారు.

చిన్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. తల ఎత్తలేదు.

"ఉండప్పా," అన్నాడు. "ఇంకా రాలేదు."

తమ్ముడు కూర్చున్నాడు. లోపల ఎక్కడో గిన్నె చప్పుడయింది. మూసిన తలుపు వైపు చూస్తూ, స్టూలు జరిగే చప్పుడు కోసం అందరం కాచుకుని ఉన్నాం.