శనివారం ఆళ్లగడ్డకు పోయే పెద్దాయన

నంద్యాల రైల్వే స్టేషన్ బయట పడుకునేవాళ్లకు మా వీధి ఆడవాళ్లం తిండి పెట్టడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. మాది పెద్ద సంఘమేమీ కాదు. పొద్దున పొయ్యి వెలిగించిన ప్రతి ఇంట్లో ఇంటికి కావాల్సినవి కాక ఇంకో నాలుగు రొట్టెలు కాల్చాలి, అదే మా కట్టుబాటు. చుట్టాలు దిగినా ఆ నాలుగు ముట్టకూడదు. కొందరు అన్నం, పప్పు కూడా ఇస్తారు. పదకొండు గంటలకు పాత ఇనుము కొనే సాయిబు అన్న ఆటో తెస్తాడు. ఇద్దరు ముగ్గురం ఎక్కి పోయి పంచి వస్తాం.

నేను చదివింది మూడో తరగతి. వీధిలో నాకు పేరు తెచ్చింది జొన్నరొట్టె ఒక్కటే. పల్చగా తట్టి, కాల్చి, పెనం మీదే గుడ్డతో అదిమి అదిమి తడి లేకుండా ఎండబెడతాను. విరిస్తే టప్పుమనాలి. పది రోజులున్నా బూజు పట్టదు. ఇల్లూ వాకిలీ లేనివాళ్లకు దాచుకునే తిండే కదా కావాల్సింది అనుకునేదాన్ని.

స్టేషన్ దగ్గర సైకిల్ స్టాండు గోడకు ఆనుకుని ఒక పెద్దాయన ఉంటాడు. ఒకప్పుడు ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలకు నునుపు పెట్టే పని చేసేవాడట. అన్నం ఎవరు పెట్టినా తింటాడు గానీ, రొట్టె మాత్రం నా డబ్బాలోదే తీసుకుంటాడు. పక్కింటామె రొట్టె చాపితే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఆ రోజంతా గర్వంతో నా నడకే వేరుగా ఉండేది.

పోయిన ఎండాకాలం నుంచి శనివారం వస్తే ఆయన కనిపించడం మానేశాడు. తెలిసిన రాళ్ల లారీ ఎక్కి ఆళ్లగడ్డకు పోతున్నాడని, సోమవారానికి గానీ తిరిగి రాడని పూలమ్మే ఆమె చెప్పింది. పాత పనివాళ్లను చూసి వస్తాడేమో అనుకుని ఊరుకున్నాను. ఆ తర్వాత మా కోడలు ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. ఆళ్లగడ్డలోనూ మాలాగే తిండి పెట్టే ఆడవాళ్లున్నారు, ఫోన్‌లో అందరిదీ ఒకటే గ్రూపు. ఫొటోలో మా పెద్దాయన. ఒళ్లో స్టీలు పళ్లెం, నోటి నిండా ముద్ద. పక్కన ఆకుపచ్చ చీర కట్టుకున్నామె గొంతుక్కూర్చుని, ఆయన తింటుంటే చూస్తోంది.

ఆ ఫొటో కోడలి చేత ఎన్నిసార్లు తెరిపించానో లెక్కలేదు. చివరికి ఆ పిల్ల నవ్వింది.

"ఏందత్తా, మామ ఇంకొకామె ఇంట్ల తిన్యా నువ్వు ఇంతగనం సూడవు."

సోమవారం ఆయనకు విరిగిన రొట్టెలు ఏరి ఇచ్చాను. తీసుకుని గుడ్డలో చుట్టుకున్నాడు. ఇంటికొచ్చాక సిగ్గేసింది, కానీ మంట తగ్గలేదు. మర్నాటి నుంచి రొట్టె ఇంకా పల్చగా తట్టాను, ఇంకాసేపు ఎండబెట్టాను, పైన నువ్వులద్దాను. ఇలాంటిది ఆ పచ్చచీర ఆమె ఏడు జన్మలెత్తినా చేయలేదని పెనానికి చెప్పుకున్నాను.

శనివారం చెల్లెల్ని చూసి వస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి ఆళ్లగడ్డ బస్సెక్కాను. విగ్రహాలు చెక్కే వీధిలో ఉలి చప్పుడుకు చెవులు నిండిపోయాయి. ముఖం చెక్కని దేవుళ్లు రోడ్డు పక్కన వరసగా పడుకుని ఉన్నారు. వీధి చివర రేకుల షెడ్డు కింద పదిమంది గోనెసంచుల మీద కూర్చుని తింటున్నారు. ఫొటోలో చూసిన ఆమే వడ్డిస్తోంది. విసుక్కుంటూ వడ్డిస్తే బాగుండునని కోరుకున్నాను. విసుక్కోవడం లేదు.

పెద్దాయన నాకు వీపు పెట్టి కూర్చుని గుడ్డ మూట విప్పాడు. అందులో ఉన్నవి నా రొట్టెలు. అడుగున సోమవారం ఇచ్చిన ముక్కలు, వాటి మీద నువ్వులద్దినవి. వారమంతటివీ ఉన్నాయి. ఆమె ఏమీ అడక్కుండా, రోజూ చేసే పనిలా, వాటిని తీసుకుని విరిచింది. టప్, టప్. గిన్నెలో వేసి, మరిగే పప్పుకట్టు పోసి, మూత పెట్టింది.

నేను దగ్గరకు పోయాను. ఆకలితో వచ్చాననుకుని కూర్చోమంది.

"ఆ రొట్టెలు యాడివమ్మా?" అన్నాను.

"నంద్యాలలో ఒకామె ఇస్తాదంటక్కా. ఈయప్పకు నోట్లో ఒక్క పన్ను లేదు, ఈటిని యెట్ల నమిలేది? నేను మెత్తటి రొట్టె చేసిస్తానప్పా అంటే ముట్టడు. ఆమె ఇచ్చినియే మూటగట్టుకొని వస్తాడు."

ఆ గొంతులో చిన్న పులుపు ఉంది. అది నాకు బాగా తెలిసిన పులుపే.

పెద్దాయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. తడబడింది నేనే.

"నాకొక మాట చెప్పుండొచ్చు కదా పెద్దాయనా?"

"నువ్వు నిలబడితే కదమ్మా చెప్పేది. రొట్టె చేతుల పెడ్తావు, బాగుంటాది తినమని నువ్వే చెప్తావు, ఆటో ఎక్కుతావు."

తినలేనివాడివి మరి ఎందుకు దాచుకుంటున్నావని అడిగాను. ఆయన మూత వైపే చూస్తూ అన్నాడు.

"మా ఇంటామె ఇట్లనే కాల్చేది. నాకు పండ్లున్నప్పుడు."

ఇద్దరం ఆడవాళ్లం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇన్నాళ్లూ ఆమెను చూసి నేను, నన్ను చూసి ఆమె కుళ్లుకున్నాం. ఆయన తింటున్నది మా ఇద్దరిదీ కాదు.

ఇప్పుడు నేను స్టేషన్‌కు వేడి పప్పుకట్టు మూత గిన్నెలో తీసుకుపోతాను. మిగతావాళ్లు పంచుతుంటే గోడ పక్కన కూర్చుని, రొట్టె విరిచి నానబెట్టి, ఆయన తినేదాకా ఉంటాను. వాళ్లను ఇళ్ల దగ్గర దింపి ఆటో మళ్లీ వచ్చినప్పుడు ఎక్కుతాను. ఆయన శనివారం మాత్రం ఆళ్లగడ్డకే పోతాడు. సోమవారం వచ్చాక ఆమె పప్పు బాగుందా, నాది బాగుందా అని అడగకుండా ఉండలేను.

మొన్న అడిగితే నోట్లో ముద్ద మింగి చెప్పాడు.

"ఆయమ్మ ఇంగ కొంచేపు మూత పెడ్తాది."

గిన్నె ఆయన చేతిలోంచి తీసుకుని, మళ్లీ మూత పెట్టి కూర్చున్నాను.