మేనమామ సీరులో వచ్చిన ఫోన్లు

మా ఆయన బాలసుందరానికి చవక అంటే ప్రాణం. కోయంబత్తూరులో ఏదో దుకాణం మూసేస్తున్నారని తెలిసి, ఎవరూ పేరైనా వినని కంపెనీ ఫోన్లు రెండు పట్టుకొచ్చాడు. చిన్న మేనకోడలు కృత్తిక పెళ్ళికి మేనమామ సీరు (అదే, మేనమామ పెట్టే సారె) తట్టల్లో చీర, పళ్ళు, పసుపుకుంకుమలతో పాటు ఒకటి పెట్టాడు. రెండోది పెద్దమ్మాయి మాలినికి. మా ఇళ్ళల్లో అంతే. చిన్నదానికి పెట్టింది పెద్దదానికీ పెట్టాలి, లేకపోతే తట్టలు ఇల్లు చేరకముందే మాటలు మొదలవుతాయి. "రెండూ ఒకే రకం, ఎవరూ మూతి ముడవడానికి లేదు" అని ఆయన మురిసిపోయాడు. ఇప్పుడు ఆ ఫోన్ల ఊసెత్తితే లేచి వెళ్ళిపోతాడు.

అక్కచెల్లెళ్ళిద్దరూ అవినాశి దగ్గర ఒకే బనియన్ కంపెనీలో పనిచేసేవాళ్ళు. మాలిని చెకింగ్ టేబుల్ దగ్గర, కృత్తిక ఇస్త్రీ హాల్లో, వెనక తలుపు పక్కనే. ఆ తలుపుకు ఎప్పుడూ తాళం. బనియన్లు బయటికి పోతాయని ఓనరు భయం. మనుషులు లోపల చిక్కుకుంటారని ఆ మహానుభావుడికి ఎప్పుడూ భయం వేసినట్టు లేదు. పోయిన నెల ఇస్త్రీపెట్టె వైరు కాలి హాలంతా పొగ కమ్మింది. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ ఆ తలుపు దగ్గరికే పరిగెత్తారు. మెయిన్ ఆపేయడంతో ఎవరికీ ఏమీ కాలేదు. కానీ చెల్లెలు రెండు చేతులతో తలుపు బాదడం మాలిని కళ్ళారా చూసింది. ఆ రోజునుంచి దానికి అన్నం సయించలేదు.

మాలిని గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే రకం. ఎదురుగా నిలబడి అడగమంటే చచ్చినా అడగలేదు. విదేశీ కొనుగోలుదార్లు పట్టుబట్టారని కంపెనీ వాళ్ళు పనివాళ్ళ ఫిర్యాదుల కోసం ఒక వెబ్‌సైటు పెట్టారు. పేరు అవసరం లేదని పైనే రాసి ఉంది. అయినా మాలిని నమ్మలేదు. ఫోన్లోంచి సిమ్ తీసేసి, బస్టాండు పక్క బేకరీలో కూర్చుని, వాళ్ళ వైఫైతో రాసింది. తలుపు తాళం తీయించండి, మేము కాలిపోతాము అని. "సిమ్ లేని ఫోను ఎవరిదని కనిపెడతారు అత్తా?" అని తరవాత నన్నడిగింది. నాకూ అదే నిజమనిపించింది.

అంతా అయిపోయాక ఫోన్లు రిపేరు చేసే వెంకటసామిని నిలదీసి అడిగితే అతను విడమరిచి చెప్పాడు. మనం ఏ సైటు తెరిచినా, మన ఫోను మోడల్ ఏదో బ్రౌజరే ఆ సైటుకు చెప్పగలదట. ఆ మోడల్ నంబరును బట్టి ఏ కంపెనీ తయారు చేసిందో సైటు పోల్చుకుంటుంది. ఫోనుకు తగ్గట్టు పేజీ చూపించడానికేనట. సిమ్‌తో దీనికి సంబంధమే లేదు. అందరి దగ్గరా ఉండే ఫోనైతే గుంపులో కలిసిపోతాము. తెల్లచీరల మధ్య ఒక్కతే ఎర్రచీర కట్టుకుని నిలబడితే పేరు చెప్పినా చెప్పకపోయినా ఒకటే. మా ఆయన కట్టబెట్టింది ఆ ఎర్రచీరే.

ఆ కంపెనీలో పనిలోకి వెళ్ళేముందు అందరూ ఫోన్లు గేటు దగ్గర అప్పగించాలి. చెక్క గూళ్ళలో పెట్టి, టోకెను ఇస్తారు. ఫిర్యాదు పంపిన తరవాతి వారం మేనేజరు సుందరమూర్తి ఫోను మోడల్ రాసున్న కాగితం పట్టుకుని ఆ గూళ్ళ దగ్గర నిలబడ్డాడు. మాలిని టేబుల్ పక్క కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. అతను ఒక్కొక్క ఫోను తీసి, వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ గూట్లో పెడుతున్నాడు. ఒక ఫోను మాత్రం అతను తిరిగి పెట్టలేదు. ఇంకొంచెం వెతికి రెండోదీ తీశాడు. రెండింటినీ పక్కపక్కన పట్టుకుని, గూళ్ళ నంబర్లు చూశాడు.

కబురు కృత్తికకు వచ్చింది. టీ టైములో నోరు చేసుకునేది అదే కదా, మాలినిని ఎవరు అనుమానిస్తారు! చెల్లెలు ఆఫీసులోకి వెళ్ళడం చూస్తూనే మాలిని చిల్లుపడిన బనియన్‌ను మంచివాటిలో వేసేసింది. తనే ఆ సంగతి గమనించి, చేతిలో పని వదిలేసి పరుగున వెళ్ళింది.

"నాన్‌దాన్ సార్," అంది అరవంలో, నేనే రాశానని.

కృత్తిక అప్పటికే రాజీనామా మీద సంతకం పెట్టేసింది. సుందరమూర్తికి తెలుగు రాదు. అందుకే అతని ఎదురుగానే అక్కను కసిరింది. "నువ్వేమిటికి వచ్చినావక్కా? రెండు ఫోన్లు చూపించంగానే నాకు అర్థమాయె. నేనే అని చెప్పేసినాను. నీకు ఇద్దరు బిడ్డలుండారు, ఊరికే ఉండు."

మాలిని వినలేదు. మళ్ళీ అరవంలోనే, "దానికేం తెలీదు సార్, రాసింది నేను," అంది.

సుందరమూర్తి కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. "ఎవరు రాశారన్నది నాకిప్పుడు అక్కర్లేదమ్మా. రాస్తే దొరికిపోతారని అందరికీ తెలిస్తే చాలు. సాయంత్రం కంటైనరు వెళ్ళాలి, ఇద్దరిని పోగొట్టుకోలేను. నువ్వు పనికి పో."

కృత్తిక తన ఫోను తీసుకుని గేటు దాటి వెళ్ళిపోయింది. మాలిని చెకింగ్ టేబుల్ దగ్గరికి పోలేదు. నేరుగా ఇస్త్రీ హాల్లోకి వెళ్ళి, చెల్లెలు నిలబడే చోట నిలబడింది. ఆ హాల్లో అందరిలోకీ పెద్దదైన కన్నమ్మాళ్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి గుసగుసగా అడిగింది. "ఏమ్మా, ఎవరి ఫోనుతో రాస్తే దొరకరు?"

"ఇంక రాసేది లేదు పెద్దమ్మా," అంది మాలిని. తరవాత ఆఫీసు వైపు తిరిగి, పుట్టినప్పటినుంచి మేమెవరమూ వినని గొంతుతో అరిచింది. "సార్! నేను మాలినిని. ఈ తలుపు తీసేదాకా ఈ టేబుల్ మీద ఒక్క బనియన్ కూడా ఇస్త్రీ చేయను."

కన్నమ్మాళ్ తన ఇస్త్రీపెట్టె స్విచ్చి కట్టేసింది.